నేర విచారణలో బాధితునికి తోడు

కొన్నేళ్ళ క్రితం ఒక హత్య కేసులో, ఉర్దూ తప్ప మరో భాష రాని ఒక వృద్ధురాలి సాక్ష్యాన్ని తెలుగులోకి అనువదించడానికి నన్ను న్యాయస్థానానికి పిలిచారు. హతుడు ఆమె కుమారుడు. బంట్రోతు కేసు పిలిచాడు. ప్రభుత్వం పేరు, నిందితుల పేర్లు వినిపించాయి. ఆమె నా చెయ్యి పట్టుకుని, "బేటా, నా కొడుకు పేరు ఎప్పుడు పిలుస్తారు?" అని అడిగింది. నా వద్ద సమాధానం లేకపోయింది. ఆ కేసులో ఆమె ఫిర్యాదీ కాదు, ప్రాసిక్యూషన్ ఒకటవ సాక్షి మాత్రమే.

బాధితుడు తన కేసులోనే పరాయివాడు ఎందుకయ్యాడు? నేటి చట్టం అతనికి ఏ తోడ్పాటు కల్పిస్తోంది? ఈ రెండు ప్రశ్నలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వారసుల హక్కు, ప్రభుత్వ హక్కు

ఫిఖహ్ శాస్త్రం హక్కులను అల్లాహ్ హక్కులు, దాసుల హక్కులు అని రెండుగా విభజిస్తుందని పాఠకులకు తెలుసు. హత్య విషయంలో దాసుల హక్కుకు ప్రాధాన్యం ఉంది. ఖిసాస్ కోరడమా, దియత్ (రక్తపరిహారం) పుచ్చుకోవడమా, క్షమించడమా అన్నది హతుని వారసుల నిర్ణయం. మన ఏలూరు ఉత్తర సర్కారులలో ఒకటి. ఈ ప్రాంతం ఈస్టిండియా కంపెనీ పాలనలోకి వెళ్ళిన తర్వాత కూడా ఫౌజ్దారీ న్యాయం చాలాకాలం ఈ శాస్త్రం పునాదిగానే నడిచింది. 1802లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఏర్పడిన ఫౌజ్దారీ అదాలత్‌కు ఖాజీ, ముఫ్తీలు ఫత్వా చెప్పేవారు. అయితే అంతకుముందే, 1790లో, కారన్‌వాలిస్ బెంగాల్‌లో శిక్షను వారసుల ఇష్టానికి వదిలే పద్ధతిని తొలగించాడు. 1862 జనవరి 1న భారత శిక్షాస్మృతి అమలులోకి వచ్చింది. ఇక నేరాన్ని విచారింపజేసే బాధ్యత పూర్తిగా ప్రభుత్వానిదే అయింది.

దీనిని పరాయి పాలకుల అన్యాయంగా మాత్రమే చూడటం సరికాదు. బలవంతుడైన హంతకుడు పేద వారసులను బెదిరించి, లేదా డబ్బుతో లోబరుచుకుని, క్షమాపణ చెప్పించుకోగలడన్న వాదనలో నిజముంది. నేడు హత్య, అత్యాచారం వంటి నేరాలలో రాజీకి చట్టం ఒప్పుకోదు. అయినా ఊరి పెద్దల మధ్య రాజీలు జరుగుతూనే ఉన్నాయి. సాక్షులు కోర్టులో మాట మారుస్తున్నారు. కనుక బాధితునికి హక్కు ఇస్తే చాలదు. దానిని నిలుపుకొనే బలం కూడా కావాలి.

చట్టం ఏమి చెబుతోంది?

2009 డిసెంబరు 31న అమలులోకి వచ్చిన సవరణతో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 'బాధితుడు' అనే మాటకు తొలిసారి నిర్వచనం లభించింది. నష్టపరిహార పథకం, అప్పీలు హక్కు కూడా అప్పుడే వచ్చాయి. 2024 జూలై 1 నుండి ఆ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులో ఉంది. దాని ప్రకారం దశలవారీగా బాధితుడు తెలుసుకోవలసినవి ఇవి.

పోలీసు స్టేషనులో: నేరం ఏ స్టేషను పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలి. ప్రథమ సమాచార నివేదిక నకలు ఉచితంగా ఇవ్వాలి. స్టేషనులో నిరాకరిస్తే జిల్లా ఎస్పీకి తపాలాలో పంపవచ్చు. అక్కడా ఫలితం లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. ఫిర్యాదు మీద సంతకం చేయాలి. కాని దర్యాప్తులో పోలీసులు వ్రాసుకునే వాఙ్మూలం మీద సంతకం పెట్టించరాదు. వాఙ్మూలం కోసం స్త్రీలను స్టేషనుకు రప్పించరాదు, వారి ఇంటివద్దనే తీసుకోవాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజులలోగా బాధితునికి తెలియజేయాలి.

ఆసుపత్రిలో: అత్యాచారానికి, ఆసిడ్ దాడికి గురైనవారికి ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి. స్త్రీలకు వైద్యం, ఆశ్రయం, న్యాయ సలహా ఒకేచోట అందించడానికి 2015 నుండి సఖి కేంద్రాల పథకం నడుస్తోంది. 181 నంబరుకు ఫోను చేసి సహాయం కోరవచ్చు.

న్యాయస్థానంలో: కోర్టు అనుమతితో బాధితుడు ప్రాసిక్యూషన్‌కు సహాయంగా తన న్యాయవాదిని పెట్టుకోవచ్చు. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. బెదిరింపులు ఉంటే 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం క్రింద దరఖాస్తు చేయవచ్చు. లైంగిక నేరాలకు గురైన పిల్లలకు విచారణ ముగిసేవరకు తోడుగా ఒక సహాయక వ్యక్తిని నియమించే ఏర్పాటు ఉంది. నిందితుడు విడుదలైతే బాధితుడు అప్పీలు చేయవచ్చు.

నష్టపరిహారం: నేరస్థుడు దొరకకపోయినా, విచారణ జరగకపోయినా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. సంస్థ రెండు నెలలలో విచారణ పూర్తిచేయాలి. ఏలూరు కోర్టులో ఈ సంస్థ ఉంది. 15100 నంబరు ద్వారా కూడా సలహా పొందవచ్చు.

చుండూరు చెప్పే పాఠం

తోడ్పాటు ఉంటే ఏమి జరుగుతుందో చూడటానికి దూరం వెళ్ళనక్కరలేదు. కృష్ణకు ఆవలి ఒడ్డున, అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపివేశారు. బాధితుల పట్టుదల వల్ల ప్రత్యేక న్యాయస్థానం ఆ గ్రామంలోనే ఏర్పడింది. వారు కోరిన న్యాయవాది బి. చంద్రశేఖర్ ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటర్ అయ్యారు. కూలి మానుకుని దూరపు పట్టణానికి తిరగవలసిన అవసరం లేక, గ్రామస్థులు తమ ఊళ్ళోనే సాక్ష్యం చెప్పగలిగారు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష పడ్డాయి. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. తోడ్పాటు తీర్పుకు హామీ కాదు. కాని అది లేకపోతే బాధితుని మాట రికార్డుకైనా ఎక్కదు.

మన బాధ్యత

పైన చెప్పిన హక్కులలో చాలావరకు అడిగినవారికే దక్కుతాయి. కొల్లేటి లంక గ్రామం నుండి ఏలూరు వచ్చే స్త్రీకి ఒక వాయిదా అంటే ఒకరోజు కూలి, బస్సు ఛార్జీ, కోర్టు వరండాలో ఎదుటి పక్షంవారి చూపులు. సాక్షులకు ఖర్చులు ఇప్పించే అధికారం కోర్టుకు ఉందని ఆమెకు చెప్పేవారు ఉండరు. ఆమెకు తోడు రావడానికి న్యాయవాదే కానక్కరలేదు. చదువు వచ్చినవారు, వాయిదా తేదీ గుర్తుపెట్టుకునేవారు, ఆమె ప్రక్కన కూర్చునేవారు ఒక్కరు చాలు. మస్జిదు కమిటీలు ఇద్దరు ముగ్గురు యువకులను, వారిలో ఒక యువతిని, ఈ పనికి సిద్ధం చేయడం కష్టం కాదు.

సాక్ష్యాన్ని దాచడం పాపమని మన పిల్లలకు నేర్పుతాము. సాక్ష్యం చెప్పడానికి వెళ్ళినవారిని ఒంటరిగా వదిలివేయడం గురించి కూడా మనం ఆలోచించాలి. ఆ వృద్ధురాలు సాక్ష్యం ముగించి బోను దిగినప్పుడు ఆమెకోసం వచ్చినవారు ఎవరూ లేరు. నేనే ఆమెను బస్సు ఎక్కించాను.