తెర మీద గీతలు: తీర్పుకు ముందు విచారణ

పిల్లల చదువు, ఉద్యోగ దరఖాస్తులు, ఖుర్ఆన్ పఠన తరగతులు... నేడు ఎన్నో కుటుంబాల్లో ఇవన్నీ ఒకే ఒక్క కంప్యూటర్‌పై ఆధారపడి ఉన్నాయి. అటువంటి ఇంట్లో తెర మిణుకుమిణుకుమన్నా, గీతలు పడినా, ఉన్నట్టుండి నల్లబడినా ఇంటిల్లిపాదికీ ఆందోళన కలగడం సహజమే. "తెర పోయింది, కొత్తది వేయించాలి" అన్న మాట వెంటనే వినిపిస్తుంది. వేల రూపాయల ఖర్చు ముందుకొస్తుంది. అయితే దోషం తెరది కాకపోవచ్చు. కంటికి కనిపించని డ్రైవర్‌ది కావచ్చు.

కంప్యూటర్‌లో దృశ్యాన్ని తయారుచేసే భాగం గ్రాఫిక్స్ చిప్. ఇంటెల్, ఏఎండీ, ఎన్విడియా వంటి సంస్థలు దానిని రూపొందిస్తాయి. విండోస్‌కూ ఆ చిప్‌కూ మధ్య దుబాసీగా పనిచేసే ప్రోగ్రామే డ్రైవర్. దుబాసీ తడబడితే మాట చెడుతుంది. ఒక్కోసారి అప్‌డేట్‌తో వచ్చిన కొత్త డ్రైవర్ ఆ కంప్యూటర్‌కు పొసగదు. అప్పుడు చక్కని తెర కూడా చెడినట్లే కనిపిస్తుంది.

విశ్వసనీయత లేనివాడు వార్త తెస్తే, చర్యకు పూనుకునే ముందు నిజానిజాలు విచారించుకోవాలని సూరె హుజురాత్ 6వ ఆయతు బోధిస్తుంది. అది మనుషుల గురించి వచ్చే వార్తలకు సంబంధించిన ఆదేశం. అయినా విచారించి అడుగు వేసే గుణం విశ్వాసి ప్రతి పనిలోనూ కనిపించాలని మేము భావిస్తున్నాము.

ఇంట్లోనే చేయదగిన పరీక్షలు మూడున్నాయి. మొదటిది: కంప్యూటర్ ఆన్ చేయగానే, విండోస్ మొదలుకాక ముందే, కంపెనీ గుర్తు కనిపించే సమయంలో గీతలు ఉన్నాయేమో గమనించాలి. అప్పటికి విండోస్ డ్రైవర్ పని మొదలుపెట్టదు. కాబట్టి అప్పుడే గీతలుంటే లోపం తెరలోనో, తీగలోనో, చిప్‌లోనో ఉందని గ్రహించాలి. రెండవది: గీతలు కనిపిస్తున్నప్పుడు స్క్రీన్‌షాట్ తీసి ఫోనులో చూడాలి. అందులోనూ గీతలుంటే తెరను అనుమానించనక్కరలేదు. మూడవది: కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. మిగతా తెరతో పాటు అదీ మిణుకుమంటే డ్రైవర్‌ను అనుమానించాలి. అది మాత్రం నిలకడగా ఉంటే ఏదో ఒక యాప్ కారణం కావచ్చు.

దోషం డ్రైవర్‌దని తేలితే, చేస్తున్న పని భద్రపరచి, విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి మీటలను ఒకేసారి నొక్కండి. తెర ఒక్క క్షణం నల్లబడి, డ్రైవర్ తిరిగి మొదలవుతుంది. ఫలితం లేకపోతే డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ఉన్న పేరుపై రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్ తెరిచి, డ్రైవర్ విభాగానికి వెళ్ళండి. అప్‌డేట్ తరువాతే బాధ మొదలైతే రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కండి. పాత డ్రైవర్ నిల్వ లేకపోతే ఆ బటన్ పనిచేయదు. అప్పుడు కంప్యూటర్ తయారీ సంస్థ సొంత వెబ్‌సైట్ నుంచి మీ మోడల్‌కు తగిన డ్రైవర్‌ను తెచ్చి వేసుకోండి. ఉచిత డ్రైవర్ల పేరుతో ఊరించే ప్రకటనల జోలికి పోకండి.

మరమ్మతు వృత్తిలో ఉన్న మన యువకులకూ ఒక మాట. అంగడిలో ధాన్యపు రాశిలోకి దైవప్రవక్త ముహమ్మద్ (స) చేయి పెట్టగా లోపల తడి తగిలిన ఉదంతం సహీహ్ ముస్లింలో ఉంది. తడిని జనానికి కనిపించేలా పైన ఉంచనందుకు ఆయన ఆ వర్తకుణ్ణి మందలించారు. డ్రైవర్ సరిచేసి తెర మార్చినట్లు డబ్బు తీసుకోవడం ఆ తడిని దాచడం వంటిదే. లోపం ఎక్కడుందో ఉన్నదున్నట్లు చెప్పి, శ్రమకు తగిన రుసుము అడగండి. అది హలాల్ సంపాదన. అలాగని ప్రతి మెకానిక్‌నూ మోసగాడని భావించడమూ తగదు. అతిగా అనుమానించవద్దని అదే సూరె 12వ ఆయతు హెచ్చరిస్తుంది.

తొందరపాటు నుంచీ, వృథా ఖర్చు నుంచీ అల్లాహ్ మన కుటుంబాలను కాపాడుగాక! ఆమీన్.