రిక్షా కార్మికుడే ముఖ్య అతిథి
అర్ధరాత్రి ఆవిష్కరణలతో దుమారం రేపిన దిగంబర కవులు

మంగళవాడ (పావగడ తాలూకా): ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మూడు దిక్కులా ఆంధ్ర సరిహద్దు ఉన్న పావగడ తాలూకాలో మంగళవాడ వంటి ఊళ్ల తీరిది. కన్నడ నవ్య సాహిత్యం ఇక్కడి పిల్లలకు బడిలోనే పరిచయమవుతుంది. అదే 1960లలో తెలుగునాట చెలరేగిన దిగంబర కవుల సంగతి మాత్రం ఇంట్లో ఎవరైనా చెబితేనే తెలియాలి.

మంత్రి లేడు.. పండితుడూ లేడు

1965 మే నెల. హైదరాబాద్‌లో అర్ధరాత్రి ఓ కవితా సంపుటి విడుదలైంది. ఆవిష్కర్త నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడు. 1966 డిసెంబరులో విజయవాడలో రెండో సంపుటిని హోటల్ కార్మికుడు జంగాల చిట్టి ఆవిష్కరించారు. 1968 సెప్టెంబరులో విశాఖపట్నంలో మూడోదాన్ని వీధిన పడి బతుకుతున్న యశోద విడుదల చేశారు.

నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న.. ఈ ఆరుగురూ కులం తెలిపే పాత పేర్లు వదిలేశారు. కుంభం యాదవరెడ్డి నిఖిలేశ్వర్ అయ్యారు. ‘నగ్నశకం’ అంటూ సొంత క్యాలెండరే పెట్టుకున్నారు. అందులో వారానికి ఆరు రోజులే!

చేసే పనే కళ

బొమ్మ గీసి గోడకు తగిలించడం కాదు, నలుగురి మధ్య జరిగే పనే కళ అన్నారు అప్పటి పాశ్చాత్య కళాకారులు. 1959లో న్యూయార్క్‌లో అలాన్ కాప్రో చేసిన ప్రదర్శనతో దానికి ‘హ్యాపెనింగ్’ అనే పేరు వ్యాపించింది. దిగంబరుల ఆవిష్కరణలూ ఆ కోవకే వస్తాయి. వీధి నాటకంలో కూలివాడు రాజు వేషం కడతాడు. ఇక్కడ రిక్షా కార్మికుడు రిక్షా కార్మికుడిగానే వచ్చి పెద్దపీట ఎక్కాడు. చదువు రానివారికి కూడా అర్థమయ్యే సంగతి అది.

కవితల్లో బూతులున్నాయని పెద్దలు మండిపడ్డారు. అర్ధరాత్రి సభలు ఉత్త ఆర్భాటమన్నవారూ ఉన్నారు. మూడు సంపుటాలతోనే జట్టు చెదిరింది. 1970లో నలుగురు విరసం బాట పట్టారు. చెరబండరాజు 1982లో, జ్వాలాముఖి 2008లో కన్నుమూశారు. నిఖిలేశ్వర్‌కు ‘అగ్నిశ్వాస’ సంపుటికి 2020 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది.

కవుల జీవితాలు పుస్తకాలకెక్కాయి. పాండు, చిట్టి, యశోద మాత్రం ఆ మూడు రాత్రుల దగ్గరే పేర్లుగా మిగిలారు. తెలుగు మాట్లాడుతూ తెలుగు అక్షరం చదవలేని సరిహద్దు పిల్లలకు ఈ కథ చెప్పాలంటే, ఆ ముగ్గురితో మొదలుపెట్టడమే మేలు.