గాలం వేసే ముందు

నాలుగు సువార్తలలో వలల ప్రస్తావన చాలాసార్లు వస్తుంది గాని, గాలం ప్రస్తావన వచ్చేది ఒక్కసారే. మత్తయి సువార్త 17వ అధ్యాయం చివర ఆ సంగతి చదువుతాము. కపెర్నహూములో దేవాలయపు పన్ను వసూలు చేసేవారు పేతురు దగ్గరకు వచ్చారు. కుమారునిగా ఆ పన్ను కట్టనవసరం లేకపోయినా, వారికి అభ్యంతరం కలుగకూడదని ప్రభువు పేతురును సముద్రానికి వెళ్ళి గాలం వేయమన్నాడు. మొదట పడిన చేప నోట దొరికిన నాణెంతో ఇద్దరి పన్నూ చెల్లింది. బైబిలులో గాలం గూర్చిన ఈ సంగతి ఇతరులకు చెల్లించవలసినది చెల్లించుటతో ముడిపడి ఉండడం మనము గమనించాలి.

మన పల్లెల్లో సెలవు రోజున గాలం పట్టుకొని చెరువు గట్టుకు వెళ్ళడం పిల్లలకూ పెద్దలకూ సంతోషమే. ఖర్చు లేని వినోదం. తండ్రీ కొడుకులు పక్కపక్కన కూర్చొని నెమ్మదిగా మాట్లాడుకొనే సమయం ఈ రోజుల్లో అరుదు. కాబట్టి గాలం మానుకొమ్మని మేము చెప్పడం లేదు. వేసే ముందు మూడు ప్రశ్నలు వేసుకొమ్మని మాత్రం కోరుతున్నాము.

ఈ చేప ఎవరిది?

"చెరువులో చేప అందరిదీ" అనే మాట మన ఊళ్ళలో తరచు వింటాము. అది నిజం కాదు. బొచ్చె, రోహు, ఎర్రమోసు చేపలు పారే నదిలో, వరద నీటిలో గుడ్లు పెడతాయి గాని చెరువులోని నిలువ నీటిలో పెట్టవు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్ దగ్గర డాక్టర్ హీరాలాల్ చౌదరి గారు తల్లి చేపలకు ఇంజక్షను చేసి గుడ్లు పెట్టించడంలో విజయం సాధించారు. అందుకే ఏటా జూలై 10ని జాతీయ మత్స్య రైతుల దినంగా జరుపుతారు. ఆ పద్ధతి వల్లనే హేచరీలు వెలిశాయి. మన చెరువుల్లోని ఈ చేపలు ఎక్కువగా ఆ హేచరీల నుండి పిల్లలుగా తెచ్చి వదిలినవే.

గ్రామాల్లోని చెరువులను చాలాచోట్ల పంచాయతీ గాని మత్స్యశాఖ గాని మత్స్యకారుల సహకార సంఘాలకు కౌలుకు ఇస్తుంది. కొన్నిచోట్ల సంఘమే డబ్బు పెట్టి పిల్లలను కొంటుంది. తెలంగాణలో 2016లో ప్రభుత్వమే చేపపిల్లలను ఉచితంగా వదిలే పథకం మొదలుపెట్టింది. పిల్లలు ఎవరిచ్చినా, కాపలా కాసి, వేసవిలో వల లాగి ఆ పంటతో బ్రతికేది బెస్త, గంగపుత్ర, ముదిరాజ్ కుటుంబాలే. మన పొలంలో దారిన పోయేవాడు నాలుగు కంకులు కోసుకుంటే ఊరుకుంటామా? వారి చెరువులో అడగకుండా పట్టిన చేప కూడా అటువంటిదే.

కాబట్టి ముందు సంఘం పెద్దలను అడగండి. సరదాకు ఒక గాలం వేసుకుంటామంటే వద్దనేవారు తక్కువ. డబ్బు అడిగితే ఇవ్వండి, కాదంటే వెనక్కు రండి. పెద్ద జలాశయాల్లోనూ నదుల్లోనూ చేపలు పట్టడానికి మత్స్యశాఖ లైసెన్సులు ఇస్తుంది. అక్కడ గాలం వేయదలచినవారు జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో ముందుగా అడిగి తెలుసుకోవాలి. పాఖాల, కిన్నెరసాని, పాపికొండలు వంటి అభయారణ్యాలు, జాతీయ వనాల లోపలి నీళ్ళలోనైతే అటవీశాఖ అనుమతి లేనిదే గాలం తీయనే కూడదు.

పిల్లల దగ్గరకని అమెరికా వెళ్ళే తల్లిదండ్రులకు ఒక మాట. అక్కడ సరదాకు గాలం వేయాలన్నా సాధారణంగా పెద్దవారికి లైసెన్సు ఉండాలి. నియమాలు రాష్ట్రానికొక విధంగా ఉంటాయి. టెక్సాస్‌లో రాష్ట్ర పార్కుల లోపల ఒడ్డు మీద నుండి పట్టేవారికి లైసెన్సు అక్కరలేదు. అయినా ఏ చేప ఎంత పొడవుంటే ఉంచుకోవచ్చు, రోజుకు ఎన్ని పట్టవచ్చు అనే నియమాలు అక్కడ కూడా వర్తిస్తాయి.

ఇది ఏ కాలం?

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో పక్షి గూటిని గూర్చిన ఆజ్ఞ ఉంది. పిల్లలతోనో గుడ్లతోనో ఉన్న తల్లిని పట్టుకోకుండా విడిచిపెట్టాలని దేవుడు ఇశ్రాయేలీయులకు నేర్పాడు. ఆ మాట నీటిలోని తల్లికి కూడా వర్తిస్తుందని మా నమ్మకం.

తొలకరి నుండి ఆగస్టు వరకు చాలా చేపలు గుడ్లతో ఉంటాయి. కొత్త నీరు రాగానే వాగులకు ఎదురెక్కుతాయి. గోదావరిలోకి వచ్చే పులస కూడా గుడ్లు పెట్టడానికే ఎదురీదుతుంది. అలుగుల దగ్గర, మత్తళ్ళ దగ్గర బుట్టలు, దోమతెరలు పెట్టి వాటిని పట్టడం మనకు పండుగలా కనబడుతుంది. కాని కిలో బరువున్న తల్లి రోహు కడుపులో లక్షకు పైగా గుడ్లు ఉంటాయి. సముద్రంలో మన తూర్పు తీరాన ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట ఆపేది కూడా చేప పెరగడానికే.

కొర్రమీను సంగతి మరీ జాలి కలిగిస్తుంది. తల్లీ తండ్రీ రెండూ పిల్లలకు కాపలా కాస్తాయి. ఎర్రని పిల్లల గుంపు నీటి పైన తిరుగుతుంటే పెద్ద చేపలు వాటి కిందనే ఉంటాయి. ఆ గుంపులో గాలం వేస్తే కాపలాదారు తేలికగా చిక్కుతుంది. ఆ తరువాత ఆ పిల్లలను తక్కిన చేపలు తినివేస్తాయి. పిల్లల గుంపు కనబడినచోట గాలం వేయవద్దు.

గాలానికి మంచి కాలం వానలు తగ్గి నీరు తేరుకున్న తరువాత, అంటే సెప్టెంబరు చివర నుండి నవంబరు వరకు. చలికాలంలో నీరు చల్లబడి చేప తక్కువగా తింటుంది. పొద్దెక్కిన తరువాత, కొంచెం లోతున, చిన్న ఎరతో ప్రయత్నించండి. వేసవిలో తెల్లవారుజామున, సాయంత్రం చెట్టు నీడ పడేచోట వేయండి. రోహుకు, ఎర్రమోసుకు గోధుమపిండి, తవుడు కలిపిన ముద్ద చాలు. జెల్లకు ఎర్రలు, కొర్రమీనుకు కదిలే చిన్న చేప మంచి ఎర.

ఎంత చాలు?

అయిదువేల మంది తిన్న తరువాత మిగిలిన ముక్కలను పోగుచేయమన్న ప్రభువు మనకు మాదిరి. ఆ పూట కూరకు సరిపడినంత చాలు. అరచేయంత లేని చేపను, గుడ్లతో కడుపు ఉబ్బిన చేపను వదిలివేయండి. చేతులు తడిచేసుకొని పట్టుకొంటే దాని ఒంటిమీది జిగురు పోదు. గాలం లోతుగా మింగి ఉంటే లాగకుండా దారం తెంపి వదలండి.

మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలు పట్టడాన్ని 1897 నాటి భారత మత్స్య చట్టమే నిషేధించింది. అయినా పురుగుమందు కలిపేవారు, తీగలతో కరెంటు పెట్టేవారు నేటికీ ఉన్నారు. ఆ నీళ్ళే పశువులు త్రాగుతాయి. ఆ కరెంటే పట్టేవాని ప్రాణం తీయగలదు. ఇటువంటి వేటలో మన సంఘ యౌవనస్థులు ఉన్నారని తెలిస్తే పెద్దలు మౌనంగా ఉండకూడదు.

పిల్లలను ఒంటరిగా చెరువుకు పంపవద్దు. మట్టి తీసిన గుంతలు నీరు నిండితే పైకి కనబడవు. ఉరుము వినబడితే వెంటనే గట్టు దిగి ఇంటికి రండి. కరెంటు తీగల కింద పొడవైన వెదురు గాలం ఎత్తవద్దు.

దసరా సెలవులకు పిల్లలు ఇంటికి వస్తారు. వారికి ముడి వేయడం, బెండు కట్టడం, కదలకుండా కూర్చోవడం నేర్పండి. చెరువు సంఘం వారిని అడగడానికి వెళ్ళేటప్పుడు వారిని కూడా వెంట తీసుకువెళ్ళండి. మీరు అడగడం వారు చూడాలి. దేవుడు మీ కుటుంబాలను దీవించును గాక.