గన్నేరు

గుడి ముంగిట, బడి ప్రహరీ పక్కన, దొడ్లలో తరచుగా కనబడే పూలపొద గన్నేరు. ఎండాకాలంలో తక్కిన మొక్కలు వాడి తలలు వేలవేసినా ఇది నిండుగా పూస్తుంది.

అయితే తెలుగువారు గన్నేరు అనే మాటను నాలుగు మొక్కలకు వాడతారు. పసుపుపచ్చని గంటల వంటి పూలు పూసేది పచ్చగన్నేరు. దీనిని ఒడియావారు కనియర అంటారు. లావుపాటి కొమ్మలతో, చలికాలంలో ఆకులు రాల్చి మోడుగా నిలిచేది దేవగన్నేరు. మోకాలెత్తు పెరిగేది బిళ్లగన్నేరు. క్యాన్సర్‌కు వాడే రెండు మందులు ఈ చిన్న మొక్క నుండే లభించాయి. ఈ మూడూ ఇతర దేశాల నుండి వచ్చినవి. అసలు గన్నేరు మాత్రం మన దేశంలో పూర్వం నుండి ఉన్నదే. నాలుగూ ఒకే కుటుంబానికి చెందినవని వృక్షశాస్త్రజ్ఞులు తేల్చారు.

అసలు గన్నేరును గుర్తించాలంటే ఆకుల అమరిక చూడాలి. కణుపు కణుపుకు సాధారణంగా మూడేసి ఆకులు ఉంటాయి. అవి పొడవుగా, సన్నగా, తోలు వలె మందంగా ఉంటాయి. పూలు ఎరుపు, గులాబి, తెలుపు రంగులలో కొమ్మల చివర గుత్తులుగా పూస్తాయి. కాయ సన్నని పొడవైన గొట్టంలా ఉంటుంది.

ఈ మొక్క ఎండకు తట్టుకొనడానికి కారణం ఆకులోనే ఉంది. ఆకు అడుగుభాగంలో చిన్న చిన్న గుంటలు ఉంటాయి. పత్రరంధ్రాలు ఆ గుంటలలో, నూగు మాటున దాగి ఉంటాయి. వేడిగాలి వాటికి నేరుగా తగలదు. అందువల్ల నీరు త్వరగా ఆవిరి కాదు. 1945లో అణుబాంబుకు మాడిపోయిన హిరోషిమా నేలలో మొదట పూచిన పూలలో గన్నేరు ఒకటి. నేడు అది ఆ నగరపు పుష్పం.

సంస్కృతంలో దీనికి కరవీరమనే కాక అశ్వమారకమనే పేరూ ఉంది. గుర్రాన్ని చంపేది అని దాని అర్థం. ఆకు, పూవు, గింజ, వేరు అన్నీ విషమే. ఆ విషం గుండె కొట్టుకొనే తీరును చెడగొడుతుంది. పచ్చగన్నేరు కాయలోని గింజ కూడా అంతే ప్రమాదకరం. గన్నేరు కొమ్మను పళ్లపుల్లగా నమలరాదు. పొయ్యిలో పెట్టరాదు, దాని పొగ కూడా హాని చేస్తుంది. పచ్చి ఆకును చేదు వల్ల పశువులు ముట్టవు గాని, ఎండినది గడ్డిలో కలిస్తే తినేస్తాయి. ఎండినా విషం పోదు. ఎవరైనా పొరపాటున తింటే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోక వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. తిన్న మొక్క రెమ్మను వైద్యునికి చూపాలి.

పెంచడం సులభం. కోరాపుట్ పీఠభూమి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి చలినీ, రాయగడ ఎండనూ ఇది ఓర్చుకొంటుంది. తొలకరి వానలు పడ్డాక పెన్సిలంత లావు కొమ్మను జానెడు పొడవున కోయాలి. కింది ఆకులు తీసి, రెండు కణుపులు మట్టిలో ఉండేటట్లు నాటాలి. కొన్ని వారాలలో వేళ్లు వస్తాయి. నీడలో పెడితే ఆకులే తప్ప పూలు సరిగా రావు. కొత్త చిగుళ్ల చివరనే పూస్తుంది కనుక ఏటా ఒకసారి కొమ్మలు కత్తిరించాలి. కత్తిరించిన వాటిని పశువులకు అందకుండా గుంటలో పూడ్చి, చేతులు కడుక్కోవాలి.

లేత రెమ్మలకు పసుపుపచ్చని పేనుబంక పడితే నీళ్లు గట్టిగా చల్లితే చాలు. ఒక్కొక్కసారి వేలంత లావున్న ఆకుపచ్చని గొంగళి పురుగు కనబడుతుంది. దాని వీపు మీద నీలిరంగు కళ్ల వంటి మచ్చలు ఉంటాయి. ఇంత విషపు ఆకునూ తిని అది అరిగించుకొంటుంది. కొన్నాళ్లకు ఆకుపచ్చని రెక్కల చిమ్మటగా మారి, చీకటి పడ్డాక ఎగురుతుంది.