కలివికోడి



మా ముద్దనూరిలో రైలెక్కి తూర్పుగా పోయినచో కడప చేరుదుము. అచ్చటినుండి సిద్ధవటము, బద్వేలు దిక్కున లంకమల కొండలున్నవి. ఆ కొండల పాదమునందలి చిట్టడవిలో నొక పక్షి కలదు. లోకమున దానిని కన్నులార చూచినవారు బహు కొద్దిమంది. ఇంగ్లీషు గ్రంథములు దానిని జెర్డన్ దొర పేరుతో పిలుచును. మనవారు కలివికోడి యందురు, కలివిపొదల నడుమ తిరుగునది గనుక. నాకు మనవారి పేరే మేలుగా తోచును. అది వినగానే పక్షిని ఎక్కడ వెదకవలెనో తెలియుచున్నది.

కోడి యనుట పేరునకే గాని యిది కోడిజాతి కాదు. జానెడుకంటె కొంచెము పొడవుండును. రొమ్మున రెండు గోధుమవన్నె పట్టెలు, గొంతున ఇటికరంగు మచ్చ, కన్నుపై తెల్లని రేఖ, పసుపుముక్కునకు నల్లని కొన. కన్నులు పెద్దవి, రాత్రివేళ మేతకు తిరుగునది గదా. చెదలు, చీమలు మొదలగు పురుగులను తినును. ఎగురగలిగియు నేలమీద పరుగెత్తుటయే దీనికి ఎక్కువ ప్రీతి. పగలు పొద క్రింద కదలక కూర్చున్నచో ప్రక్కనే నడచిపోవువానికిని కానరాదు.

మదరాసు సైన్యమున వైద్యుడైన జెర్డన్ సేకరించిన యీ పక్షిని 1848లో బ్లైత్ అను పండితుడు శాస్త్రలోకమునకు తెలిపెను. తరువాత బ్లాన్‌ఫర్డ్ గోదావరితీరమున సిరోంచ, భద్రాచలము ప్రాంతములలో చూచెను. 1900లో అనంతపురము చెంత కనబడినదని వ్రాత. అంతే! ఆపైన ఎనుబదియైదేండ్లకు పైగా దాని జాడ లేదు. నశించెనని యెల్లరును నిశ్చయించుకొనిరి.

1986 జనవరిలో బొంబాయి ప్రకృతిశాస్త్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ గారు దీనిని మరల లోకమునకు చూపిరి. ఆయన దుర్భిణి మాత్రమే నమ్ముకొనలేదు. పల్లెలకు పోయి, పక్షి బొమ్మను చూపి, వేటగాండ్రను గొల్లలను అడిగిరి. ‘ఎరుగుదుము’ అన్నవారు దొరికిరి. సిద్ధవటము తట్టు రెడ్డిపల్లె చెంత నొక వేటగాడు రాత్రివేళ దీపపు వెలుగున పక్షిని ప్రాణముతో పట్టి తెచ్చెను. పండితులు నశించెనన్న పక్షి యాతనికి పరిచితమే! కాని చెరలో నది బ్రదుకలేదు. ఆ మాట చెప్పునపుడెల్ల నాకు మనసు కలతపడును. 1988లో ప్రభుత్వము దానిపేర తపాలాబిళ్ల వేసెను. ఆ సంవత్సరమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్య మేర్పడెను.

దీనిని వెదకుట యెట్లు? రెండు ఉపాయములున్నవి. అడవిలో అక్కడక్కడ మెత్తని ఇసుక పరచి, తెల్లవారి అడుగుజాడలు చూతురు. దీనికి వెనుకవ్రేలు లేదు. మూడువ్రేళ్ల గుర్తులే పడును. ఇట్టి పాదములు గల యితర పక్షులును కలవు గనుక కొలతలు తీసికొని పోల్చవలెను. రెండవది చెవి. ప్రొద్దు క్రుంకిన ముప్పాతిక గంటకు రెండు స్వరముల కూత ‘ట్విక్-టూ, ట్విక్-టూ’ అనునట్లు మరల మరల వినవచ్చును. అదియు కొలది నిమిషములే.

కొన్నేండ్ల క్రిందట నేనును ఒక మిత్రునితో కలిసి, అనుమతి పొంది, ఒక సాయంకాలము అడవియంచున కూర్చుంటిని. తీతువు అరచెను. మా వెనుక మేకలమంద యింటికి పోవుచు గంటలు మ్రోగించెను. చీకటి చిక్కనైనది, దోమలు ముసిరినవి, మిత్రుడు రెండుమారులు కునికెను. గంటన్నర చెవులు రిక్కించి కూర్చుంటిమి. కలివికోడి పలుకలేదు. ఇంటికి వచ్చితిమి.

ఆ మేకలమాటయే అసలు విషయము. ఈ పక్షికి దట్టమైన అడవి పనికిరాదు, బొత్తిగా బయలైన నేలయు పనికిరాదు. ముండ్లపొదలు విడివిడిగా నుండి వాని నడుమ పరుగునకు ఖాళీనేల కావలెను. మేత బొత్తిగా మానిపించిన పొదలు మూసికొనును. మితిమీరి మేపి, కట్టెలు నరికినచో దాగుటకు చోటుండదు. సాగుకై చదును చేసిన అంతయు పోయినట్లే. తెలుగుగంగ కాలువ త్రవ్వకము దీని నెలవును తాకినపుడు వివాదము రేగి, కాలువ దారి కొంత మార్చవలసివచ్చెను. నీరు వలదని రాయలసీమలో నెవడనును? అయినను దారి మార్చుటకు వీలున్నపుడు మార్చుట తప్పు కాదు.

ఒక చిత్రము వినుడు. దీని గ్రుడ్డు నెవ్వరును గూటిలో చూచి వర్ణింపలేదు. 1917లో కోలారు బంగారుగనుల ప్రాంతమున దొరికిన గ్రుడ్డొకటి స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయపు వస్తుశాలలో చిరకాల మజ్ఞాతముగ నుండి, 2013లో కలివికోడిదని తేలినది.

2010కి ముందే పక్షి మరల కనుమరుగయ్యెను. 2025 ఆగస్టులో కొందరు పక్షిప్రియులు రాత్రివేళ మన రాష్ట్రముననే దాని కూత విని ధ్వనిముద్రణము చేసికొనిరి.

కావున కొండవార పల్లెల పెద్దలారా, మునిమాపువేళ అట్టి కూత విన్నచో చోటును వేళను గుర్తుంచుకొని అటవీశాఖవారికి తెలుపుడు. దీపము వేసికొని పట్టబోవలదు.