పెద్ద వలలోంచి చిన్న వల

మీ తరగతిలో ఎవరికెవరు స్నేహితులో కాగితంమీద గీసి చూడండి. ఒక్కొక్కరికి ఒక చుక్క పెట్టండి. ఇద్దరు స్నేహితులైతే ఆ రెండు చుక్కలనూ గీతతో కలపండి. ఇలా చుక్కలు, గీతలతో అల్లుకున్నదాన్ని వల అనవచ్చు. 40 మంది ఉంటే ఎక్కువలో ఎక్కువ 780 గీతలు వస్తాయి. అదే 40,000 మంది ఉంటే? దాదాపు 80 కోట్లు రావచ్చు! అంత చిక్కులో కంటికి ఏమీ ఆనదు. అందుకే మనకు కావలసిన భాగాన్ని విడదీసుకోవాలి.

ఈ పని చేసే కంప్యూటర్ ప్రోగ్రాములు ఉన్నాయి. స్లొవేనియా దేశంలో 1996లో మొదలైన 'పాయెక్' వాటిలో ఒకటి. ఆ దేశభాషలో పాయెక్ అంటే సాలెపురుగు!

విడదీయడానికి పద్ధతులు చాలా ఉన్నాయి. ఒక చుక్కను ఎంచుకుని, దానికి ఒక గీత దూరంలోనో, రెండు గీతల దూరంలోనో ఉన్నవాటిని మాత్రమే తీసుకోవచ్చు. లేదా గట్టిగా అల్లుకున్న నడిభాగాన్ని తీయవచ్చు. ఎలాగంటారా? ముగ్గురికన్నా తక్కువ స్నేహితులున్నవారిని చెరిపేయండి. దాంతో మరికొందరికి స్నేహితులు తగ్గుతారు. అలా ముగ్గురికన్నా తక్కువైనవారినీ చెరిపేయండి. చెరపవలసినవారు లేనంతవరకూ ఇలాగే చేస్తే మిగిలేదే ఆ నడిభాగం. ఒక్కసారి చెరిపి ఆగిపోతే లెక్క తప్పుతుంది.

చుక్కలంటే మనుషులే కానక్కరలేదు. కర్దనూర్ ఉన్న పటాన్‌చెరు ప్రాంతాన్నే తీసుకోండి. ఒకప్పుడు ఇక్కడ సుమారు 90 మందుల కర్మాగారాల మురుగునీరు ఉమ్మడి శుద్ధి కేంద్రానికి చేరేది. అక్కడినుంచి ఇసకవాగులోకి, తరువాత నక్కవాగు, మంజీర, గోదావరి నదుల్లోకి వెళ్ళేది. శుద్ధిచేసి వదిలిన ఆ నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఇలాంటి నీటిలో మందులకు లొంగని బాక్టీరియాలు పెరిగే ప్రమాదం ఉంది.

ఈ దారిని కూడా వలగా గీయవచ్చు. అయితే నీరు ఒకవైపే పారుతుంది కనుక గీతలకు బదులు బాణాలు వేయాలి. ఇప్పుడు నక్కవాగు చుక్కమీద వేలు పెట్టండి. బాణాలకు ఎదురుగా వెళితే మురుగు ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది. బాణాల వెంట వెళితే ఎవరికి హాని కలుగుతుందో తెలుస్తుంది. వల ఒక్కటే, చుక్క ఒక్కటే. ప్రశ్న మారగానే విడదీసిన భాగం మారిపోయింది!

ఇక్కడే ఒక జాగ్రత్త అవసరం. వలను మండలం పొలిమేర దగ్గర కత్తిరిస్తే గోదావరి బొమ్మలో కనిపించదు. బొమ్మలో లేనంతమాత్రాన నీరు ఆగిపోతుందా? కాబట్టి కత్తిరించేముందు మన ప్రశ్న ఏమిటో తేల్చుకోవాలి. కత్తిరించాక బయట ఏం మిగిలిపోయిందో చూసుకోవాలి. కంప్యూటర్ భాగాన్ని విడదీసి పెడుతుంది. ఏ భాగం కావాలో చెప్పవలసింది మాత్రం మనమే.