స్థూలకాయుని స్వానుభవం

శరీరం బరువెక్కడం ఒక్కరోజులో జరిగే పని కాదు. ఏడాదికి ఒక కిలో చొప్పున పెరిగినవాడు ఇరవై ఏళ్లు గడిచేసరికి ఇరవై కిలోల అదనపు భారాన్ని మోస్తూ తిరుగుతాడు. అది ఎప్పుడు వచ్చి చేరిందో అతనికే తెలియదు. దించుకోవాలని పూనుకొన్నప్పుడు మాత్రం అది ఎంత కష్టమో తెలిసివస్తుంది. అటువంటివారు నేడు ఆశ్రయిస్తున్న మార్గాలలో పిండిపదార్థాలను తగ్గించి తినడం ఒకటి. ఇది ఈ కాలపు కొత్త పోకడ అని చాలామంది భావిస్తారు. కాని ఈ పద్ధతికి లోకంలో ప్రచారం లభించి నూట అరవై ఏళ్లు దాటింది. ఆ ప్రచారానికి కారకుడైన వ్యక్తి వైద్యుడు కాడు, శాస్త్రజ్ఞుడూ కాడు. తన బాధను, అది తీరిన విధాన్ని దాపరికం లేకుండా చెప్పుకొన్న ఒక సామాన్య గృహస్థు. ఆయన పేరు విలియం బాంటింగ్.

బాంటింగ్ లండన్ నగరవాసి. అంత్యక్రియలకు ఏర్పాట్లు చేయడం ఆయన కుటుంబవృత్తి. రాజవంశీయుల అంతిమయాత్రలను సైతం ఆ కుటుంబమే నిర్వహించేది. 1862 ఆగస్టు నాటికి ఆయన వయస్సు అరవై అయిదు సంవత్సరాలు. ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. బరువు 202 పౌన్లు, అంటే దాదాపు 92 కిలోలు. ఆయన వంగి తన బూట్ల తాళ్లు తాను కట్టుకోలేకపోయేవాడు. మోకాళ్ల మీద, చీలమండల మీద భారం పడకుండా మేడమెట్లు వెనుకకు తిరిగి ఒక్కొక్కటిగా దిగేవాడు. దేహబాధకు తోడు మనోవేదన కూడా ఉండేది. వీధిలోను, బండ్లలోను, సభలలోను జనం విసిరే పరిహాసాలకు జంకి ఆయన నలుగురిలోకి వెళ్లడమే తగ్గించుకొన్నాడు.

ఆయన ప్రయత్నం చేయని వ్యక్తి కాడు. వ్యాయామం చేయమని ఒక వైద్యమిత్రుడు సలహా ఇవ్వగా, వేకువనే లేచి రెండేసి గంటలు పడవ నడిపాడు. కండలకు బలం చేకూరింది, దానితోపాటు ఆకలి కూడా విపరీతంగా పెరిగింది. తిండి పెరగడంతో బరువు మళ్లీ హెచ్చింది. ఆవిరిస్నానాలు చేశాడు. ఔషధగుణాలున్నవని పేరుపడిన ఊటనీళ్లు తాగాడు. ‘లంఖణం పరమౌషధం’ అని మనవాళ్లు అన్నట్లు తిండి తగ్గించి కూడా చూశాడు. నీరసం కలిగిందే కాని సమస్య తీరలేదు.

ఇంతలో ఆయనకు చెవుడు రాసాగింది. చెవి వైద్యంలో నిపుణుడైన విలియం హార్వే అనే శస్త్రవైద్యుని సంప్రదించాడు. రోగికి చెవికంటె ముందు బరువు తగ్గవలసి ఉన్నదని హార్వే గ్రహించాడు. ఆయన 1856లో పారిస్‌లో సుప్రసిద్ధ శరీరధర్మశాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ ఉపన్యాసాలు విన్నవాడు. కాలేయం తానే చక్కెరను తయారుచేయగలదని కనుగొన్నది బెర్నార్డ్. మధుమేహానికి, చక్కెరకు, స్థూలకాయానికి ఏదో సంబంధం ఉండవచ్చునని హార్వే ఊహించాడు. రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంపలు మానవలసిందిగా బాంటింగ్‌కు సూచించాడు.

ఈ సలహా విని బాంటింగ్ ఆశ్చర్యపోయాడు. అంతవరకు ఆయన జీవించినది ముఖ్యంగా వాటి మీదనే కదా! అయినా నియమాన్ని శ్రద్ధగా పాటించాడు. ఉదయం మాంసమో చేపలో, పాలూ చక్కెరా లేని తేనీరు; మధ్యాహ్నం చేపలు, మాంసం, దుంపలు కాని కూరలు; సాయంకాలం కొద్దిగా పండ్లు; రాత్రి మళ్లీ కొంచెం మాంసం. రొట్టె పూర్తిగా మానలేదు, చిన్న ముక్కకు పరిమితం చేశాడు. ఒక సంవత్సరం గడిచింది. 1863 ఆగస్టు నాటికి ఆయన బరువు 156 పౌన్లకు దిగింది. అంటే 46 పౌన్లు, సుమారు 21 కిలోలు తగ్గాడు. నడుము చుట్టుకొలత 12 అంగుళాలకు పైగా తగ్గింది. వినికిడి మెరుగుపడింది. అన్నిటికంటె ఆయనకు సంతోషం కలిగించిన విషయం ఒకటున్నది. ఆయన అందరివలె ముందుకు తిరిగి మెట్లు దిగగలిగాడు.

తనవంటి బాధితులకు ఉపకరించాలని ఆయన 1863లో తన అనుభవాన్ని స్థూలకాయం గురించిన బహిరంగలేఖగా సొంత ఖర్చుతో అచ్చువేయించి ఉచితంగా పంచిపెట్టాడు. జనం ఆ చిన్నపుస్తకాన్ని ఆదరించారు. వైద్యులలో కొందరు మాత్రం శాస్త్రం తెలియనివాడు వైద్యవిషయాలలో తలదూర్చరాదని తప్పుపట్టారు. అయినప్పటికీ ఆయన ఇంటిపేరు ఆంగ్లంలో ఆహారనియమం పాటించడమనే అర్థంలో వాడుకకు వచ్చింది. స్వీడిష్ భాషలో ఆ అర్థాన్నిచ్చే ‘బాంటా’ అనే క్రియాపదం నేటికీ వ్యవహారంలో ఉంది. బాంటింగ్ 1878లో ఎనభై ఒకటవ ఏట మరణించాడు.

ఈ నియమం దేహంలో ఎట్లా పనిచేస్తుందో తెలుసుకొందాం. మనం తిన్న పిండిపదార్థాలు గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతాయి. అప్పుడు క్లోమగ్రంథి ఇన్సులిన్‌ను స్రవిస్తుంది. అది గ్లూకోజును కణాలలోకి చేరవేస్తుంది, కొవ్వు కరగకుండా నిలువరిస్తుంది. పిండిపదార్థాలు తగ్గినప్పుడు ఇన్సులిన్ తగ్గి, నిలువ ఉన్న కొవ్వు ఖర్చు కావడం పెరుగుతుంది. కాని తినే తిండి మొత్తం శక్తి తగ్గకపోతే దేహంలోని కొవ్వు తరగదు. మాంసకృత్తులు కడుపు నిండిన భావనను కలిగిస్తాయి కనుక చాలామంది తమకు తెలియకుండానే తక్కువ తింటారు. ఇక మొదటివారంలో కనిపించే తగ్గుదలను చూసి పొంగిపోరాదు. కాలేయంలోను, కండరాలలోను గ్లైకోజన్ రూపంలో ఉన్న నిలువ తరిగినప్పుడు, దానితో కలిసి ఉన్న నీరు కూడా పోతుంది. ఒక గ్రాము గ్లైకోజన్‌తో సుమారు మూడు గ్రాముల నీరు ఉంటుంది. మొదట తగ్గినది చాలావరకు ఆ నీరే.

ఈ పద్ధతి అందరికీ ఒకే ఫలితాన్ని ఇస్తుందా? 2018లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ప్రకటించిన అధ్యయనం ఇందుకు సమాధానమిస్తుంది. 609 మందిని రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి కొవ్వు తగ్గించిన ఆహారాన్ని, మరొక వర్గానికి పిండిపదార్థాలు తగ్గించిన ఆహారాన్ని ఏడాదిపాటు సూచించారు. సగటున మొదటి వర్గం 5.3 కిలోలు, రెండవ వర్గం 6 కిలోలు తగ్గాయి. ఈ తేడా లెక్కింపదగినది కాదు. ఆశ్చర్యకరమైన విషయమేమనగా, ఒకే వర్గంలో ఎంతో బరువు తగ్గినవారూ ఉన్నారు, పెరిగినవారూ ఉన్నారు. కనుక ఒకరి అనుభవం మరొకరికి ఆశ కలిగించవచ్చును కాని హామీ కాజాలదు.

మన తెలుగువారి ముఖ్యాహారం వరి అన్నం. 100 గ్రాముల బియ్యంలో దాదాపు 78 గ్రాములు పిండిపదార్థమే. అన్నానికి బదులు జొన్నరొట్టె, రాగిసంకటి తింటే పిండిపదార్థం మానినట్లేనని కొందరు భ్రమపడతారు. జొన్నలలో, రాగులలో పీచు ఎక్కువ. అందువల్ల మేలు కలిగే మాట నిజమే కాని వాటిలోనూ ప్రతి 100 గ్రాములకు దాదాపు 70 గ్రాముల వరకు పిండిపదార్థమే ఉంటుంది. 2017, 2018 ప్రాంతంలో మన రాష్ట్రాలలో అన్నం పూర్తిగా మాని కొబ్బరినూనె తాగే పద్ధతికి విస్తృత ప్రచారం లభించింది. బరువు తగ్గి సంతోషించినవారున్నారు. ముందుచూపు లేకుండా ఆచరించరాదని హెచ్చరించిన వైద్యులూ ఉన్నారు.

ఆ హెచ్చరికకు కారణం లేకపోలేదు. మధుమేహానికి మందులు వాడేవారు హఠాత్తుగా అన్నం మానితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చును. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి మాంసకృత్తులు మితిమీరడం హానికరం. కొందరిలో చెడు కొలెస్టరాల్ పెరుగుతుంది. ఎదిగే వయస్సులో ఉన్న విద్యార్థులు, గర్భిణులు ఇటువంటి నియమాలను తమంతట తాము చేపట్టరాదు. అన్నం కొంత తగ్గించి, ఆ చోటును కూరలతో, పప్పుతో, మజ్జిగతో నింపడం, తీపి పానీయాలను మానడం చాలామందికి సుసాధ్యమైన మార్గం.

బాంటింగ్ జీవితంలో మనం గ్రహింపవలసినవి రెండున్నాయి. ఆయన స్థూలకాయాన్ని సోమరితనానికి శిక్షగా చూడక, కారణం వెదకవలసిన వ్యాధిగా చూశాడు. వైద్యుని సలహాతో నియమాన్ని ఆరంభించి, తన బరువును తేదీలవారీగా నమోదు చేసుకొన్నాడు. మరొక మాట కూడా మరువరాదు. ఆయనను పరిహసించినవారు ఎవరూ ఆయన బరువును ఒక్క పౌను కూడా తగ్గించలేదు. వారు చేయగలిగినదల్లా ఆయనను ఇంటికి పరిమితం చేయడమే. లావుగా ఉన్న తోటివారిని చూసినప్పుడు, వెనుకకు తిరిగి మెట్లు దిగిన ఆ వృద్ధుణ్ణి స్మరించుకొంటే, మన నోట పరిహాసం రాదు.